ఓటుకి నిలబడ్డ విమానం

బొల్లు పరదేశి చదువు ఏ తరగతిలో ఆగిపోయిందో ఆయనకే సరిగా గుర్తులేదు గానీ, ఏ చప్పుడుకి ఆగిపోయిందో మాత్రం బాగా గుర్తుంది. కూర్మనాథం మాస్టారు హాజరు పిలుస్తున్నారు. గరుగుమెట్ట ఊరి బయట, ఎప్పటిదో యుద్ధకాలం నాటి రన్‌వే మీద పటాలం వాళ్ల విమానం దిగుతున్న చప్పుడు వినిపించింది. "బొల్లు పరదేశి" అని మాస్టారు కేకేసేసరికి బొల్లు పరదేశి ప్రహరీ గోడ మీదున్నాడు. రెండో కేకకి చెరుకు తోటలో ఉన్నాడు. మూడో కేక వేశారో లేదో తెలీదు. వేసుంటే వెనక్కి వచ్చేవాణ్ణేనని ఇప్పటికీ అబద్ధం చెబుతుంటాడు.

ఆ రోజుల్లో గరుగుమెట్ట రన్‌వే మీద కుర్ర పైలట్లు దిగడం, ఎగరడం నేర్చుకునేవారు. పరదేశి మేకల్ని గాలికొదిలేసి గట్టు మీద నిలబడి రెండు చేతులూ ఊపేవాడు. ఒకసారి ఒక పైలటు తిరిగి చెయ్యి ఊపాడు. చెమట తుడుచుకున్నాడని తోటి మేకల కాపర్లు అన్నారు. ఈర్ష్య గలవాళ్లు ఎప్పుడూ అలాగే అంటారు.

కొన్నాళ్లకి పటాలం వాళ్లు రన్‌వే మూసేసి వెళ్లిపోతూ, ఊరికి జ్ఞాపకంగా పాత యుద్ధవిమానం ఒకటి ఇచ్చిపోయారు. నాలుగు రోడ్లు కలిసేచోట సిమెంటు స్తంభం కట్టి, ముక్కు పైకెత్తి, ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరిపోతుందన్నట్టు నిలబెట్టారు. పరదేశి సరిగ్గా దాని రెక్క నీడ ఎక్కడ పడుతుందో చూసుకుని అక్కడ రేకు పెట్టెల దుకాణం పెట్టాడు. మధ్యాహ్నానికి నీడ జరిగిపోతుంది, దుకాణం ఎండలో మాడిపోతుంది. అయినా జరపడు. వెదురు గడకి గుడ్డ కట్టి వారానికోసారి విమానానికి ఒళ్లు తుడుస్తాడు. "నన్ను పెళ్లాడినకాణ్ణించి నా మొగం ఇంత పట్టుగా సూసినావేటి?" అని పెళ్లాం సన్నమ్మ అడుగుతుంది. "నీకు రెక్కలున్నాయేటే?" అంటాడు. ఇదీ వాళ్ల సంసారం.

ఇలా ఉండగా పంచాయతీ ఎన్నికలొచ్చాయి.

పరదేశికి రాజకీయాలంటే ఒంటికి పడవు. ఓటు సామాన్లు పెట్టుకోడానికి రేకు పెట్టె ఆర్డరిస్తే, అది ఇవ్వడానికి పంచాయతీ ఆఫీసుకి వెళ్లాడు. గోడ మీద గుర్తుల పట్టిక ఉంది. బుట్ట, గొడుగు, నిచ్చెన, కప్పు సాసరు, వంకాయ, చేప. ఆ వరుసలో, వంకాయకీ చేపకీ మధ్య, విమానం! పెట్టె నేల మీద పెట్టడం మరిచిపోయి అలాగే నెత్తిన పెట్టుకుని నిలబడిపోయాడు.

"ఇది ఎవులికిస్తారు బాబూ?" అని గుమాస్తాని అడిగాడు.

"వార్డు మెంబరుగా నామినేషనేసి అడిగినవాళ్లకి. కానీ ఎవరూ అడగరు. విమానమంటే కూలిపోద్దని ఓ అపశకునం."

"కాయితం మీద నిలబడ్డోడి పేరు పక్కనుంటదేటిది?"

"పేరెక్కడుంటాదయ్యా పంచాయతీ ఓటు మీద? గుర్తొక్కటే ఉంటాది."

అంటే ఓటు కాగితం మీద పరదేశి ఉండడు. పరదేశి ఉండాల్సిన చోట విమానం ఉంటుంది. ఊరు ఊరంతా చేతిలో పట్టుకుని చూస్తుంది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఆయన కోరుకున్నది కూడా ఇంతే. మూడో వార్డుకి నామినేషను అక్కడికక్కడే పడిపోయింది.

"ఓటుకి నిలబడ్డావంట?" సన్నమ్మ గుమ్మంలోనే అడ్డుకుంది.

"నానెక్కడ నిలబడ్డాను? ఇమానం నిలబడ్డాది. నాను దాని తరపున సంతకం ఎట్టినాను."

"గెలిస్తే మీటింగులకి అదెల్తాదేటి, నువ్వెల్తావేటి?"

పరదేశి అంతదూరం ఆలోచించలేదు. ఈ దేశంలో నిలబడ్డవాళ్లెవరూ అంతదూరం ఆలోచించరు.

*

గుర్తులు ప్రకటించిన మర్నాడు పొద్దున్నే జీపు వచ్చి విమానం కింద ఆగింది. అందులోంచి ఎన్నికల అధికారి దక్షిణామూర్తిగారు దిగారు. ఆయన జిల్లా కేంద్రం నుంచి ప్రత్యేకంగా వచ్చిన మనిషి. నోరు తెరిస్తే స్టాంపు కాగితం చదువుతున్నట్టుంటుంది. ఆయన వెనక, పరదేశికి పోటీగా బుట్ట గుర్తు మీద నిలబడ్డ ఇటుకబట్టీ యజమాని లెంక గౌరీశు దిగాడు.

"ఇది ఏమి?" అన్నారు దక్షిణామూర్తిగారు, వేలెత్తి.

"ఇమానం బావూ," అన్నాడు పరదేశి.

"అది మాకును గోచరించుచున్నది. ఎన్నికల ప్రకటన వెలువడిన పిమ్మట కూడ ఇది ఇచ్చటనే ఉన్నదా?"

"ఎక్కడికెల్తాది బావూ? ఇంజనుంటే ఎల్లిపోయేదే."

"అదియే ఉల్లంఘన."

గౌరీశు అందుకున్నాడు. "సూడండి సార్, నా బుట్ట కరపత్రం మీద రూపాయి బిళ్లంతే. ఆడి గుర్తు సూడండి, తాటిసెట్టంత. పైగా సిమెంటు దిమ్మ మీద. పైగా ముక్కు నా వీధివైపు."

దక్షిణామూర్తిగారు పుస్తకం తిరగేశారు. "అభ్యర్థి గుర్తును పోలిన వస్తువు బహిరంగ స్థలమున ప్రదర్శింపబడరాదు. కావున దీనిని గుడ్డతో కప్పవలెను."

పరదేశి ఏదో ఒకటి అనాలి కదా అని నోటికొచ్చింది అన్నాడు. "మరి బుట్టల మాటేటి? అయి బజార్లో తిరిగితే పరవాలేదేటి?"

అనకుండా ఉండాల్సింది. దక్షిణామూర్తిగారి కళ్లు మెరిశాయి. నిష్పక్షపాతంగా ఉండే అవకాశం ఆయనకి అంత తేలిగ్గా ఎవరూ ఇంతవరకూ ఇవ్వలేదు.

మధ్యాహ్నానికి దండోరా పడింది. గ్రామంలో ఏ వార్డు గుర్తయినా సరే, దాన్ని పోలిన వస్తువు గుడ్డ కప్పకుండా బయట కనిపించరాదు. చేపల బుట్టలమ్మలు బుట్టలకి చీరెలు చుట్టుకుని తిరిగారు. పైగా చేప కూడా ఒక గుర్తే కాబట్టి లోపల చేపలకి విడిగా ఒక గుడ్డ. కొనేవాళ్లు గుడ్డలో చెయ్యి పెట్టి తడిమి బేరమాడారు. వానకి గొడుగు తెరిస్తే దాని మీద దుప్పటి కప్పమన్నారు. దుప్పటి తడిసి బరువెక్కి గొడుగు విరిగింది, తల తడిసింది. జంక్షన్లో టీ కొట్టు గురువులనేవాడు కప్పు సాసర్లని తువ్వాలు కింద అందించాడు. తాగేవాళ్లు కూడా తల తువ్వాల్లో దూర్చి తాగారు. అటుగా బస్సులో పోతున్నవాళ్లు, ఈ ఊళ్లో అందరికీ ఒకేసారి జలుబు చేసి ఆవిరి పడుతున్నారనుకున్నారు.

విమానం కప్పడానికి తెల్ల తానులు తెచ్చి కుట్టించారు. ఎక్కాలంటే నిచ్చెన కావాలి. నిచ్చెన ఐదో వార్డు గుర్తు. కాబట్టి ముందు నిచ్చెనకి గోనెపట్టాలు చుట్టారు. మెట్లెక్కడున్నాయో కనపడక బంట్రోతు సూర్నారాయణ రెండుసార్లు ఎక్కాడు, మూడుసార్లు దిగాడు. ఎక్కినదానికంటే ఎక్కువసార్లు ఎలా దిగాడని ఎవరూ అడగలేదు, అతను మూలుగుతున్నాడు.

ఎట్టకేలకి గుడ్డ కప్పారు. అందరూ దూరంగా వెళ్లి చూశారు.

రోజూ చూసీ చూసీ అక్కడో విమానం ఉందన్న సంగతే ఊరు మరిచిపోయింది. ఇప్పుడు ముక్కూ మొహం కప్పుకుని, తెల్లగా, ముసుగేసుకున్న పెళ్లికూతుర్లా నిలబడితే, పక్క ఊళ్లనుంచి ఆటోలు కట్టించుకుని వచ్చి చూశారు. "ఓలమ్మ, లోపలేటున్నాదే?" "ఇమానమంట." "ఎంతున్నాదో సూడు, గుడ్డలోనే ఇంతుంటే!"

గౌరీశు ఏడుపు మొహంతో మళ్లీ పరిగెత్తాడు. "సార్, ఇప్పుడు మరీ విమానంలా ఉన్నాది."

*

దాంతో నిరాకార ఉపసంఘం ఏర్పడింది. రోడ్ల ఇంజనీరు, పశువుల డాక్టరు, హైస్కూలు డ్రాయింగు మాస్టారు సభ్యులు. గుడ్డ కింద ఉన్నది ఏ గుర్తునూ పోలకుండా చెయ్యడం వాళ్ల బాధ్యత.

మొదట రెక్కల మీద గడ్డిమోపులు కట్టించి గుడ్డ లాగారు. చేపలా వచ్చింది. ఏడో వార్డు. తోక దగ్గర మోపులు పెంచారు. వంకాయ అయింది. ఒకటో వార్డు. పశువుల డాక్టరు తనకి తెలిసిన ఆకారం కదా అని వీపు మీద ఒక మూపురం పెట్టించాడు. ఎద్దయింది. ఎద్దు గుర్తు ఈ ఊళ్లో ఎవరికీ లేదని అందరూ ఊపిరి పీల్చుకునేలోపు పక్క ఊళ్లో ఉందని కబురొచ్చింది. ఇంజనీరు కోపంతో మూపురం మీద ఒక్క గుద్దు గుద్దాడు. గంపెడు గడ్డి కిందికి జారి, చూసేవాళ్లకి అచ్చం బోర్లించిన బుట్టలా కనపడింది. గౌరీశు మనుషులు చప్పట్లు కొట్టారు.

డ్రాయింగు మాస్టారు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "సార్, సృష్టిలో ఉన్న ఆకారాలన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. ఏ ఆకారమూ లేనివాడు ఒక్క భగవంతుడే."

"ఆయన మతపరమైన ప్రచారము క్రిందికి వచ్చును," అన్నారు దక్షిణామూర్తిగారు.

అదే సమయానికి, ఎప్పుడూ లేంది, సముద్రం వైపునుంచి నిజం విమానం ఒకటి ఊరి మీదుగా వెళ్లింది. జనమంతా తలలెత్తారు. పరదేశి మామూలుగానే రెండు చేతులూ ఊపాడు. దక్షిణామూర్తిగారి మొహం పాలిపోయింది. గబగబా ఫోను తీసి విమానాశ్రయం వాళ్లని పట్టుకున్నారు.

"మా గ్రామము మీదుగా పోవు విమానములను పోలింగు ముగియువరకు గుడ్డ కప్పి పంపవలసినదిగా కోరడమైనది. వీలుకాని యెడల నాలుగవ వార్డు ఆకాశము మీదుగా మళ్లించవలెను. ఆ వార్డున విమానము గుర్తు లేదు."

అవతల ఎవరో పడీపడీ నవ్విన చప్పుడు స్పష్టంగా బయటికి వినిపించింది. మర్నాడు ఒకటికి రెండు విమానాలొచ్చాయి, కిందుగా. ఇక లాభం లేదని, మూడో వార్డు ఓటర్లు ఆకాశం చూడరాదని ఉత్తర్వు వేశారు. పోలీసులు వీధి వీధినా "నేల చూపులు! నేల చూపులు!" అని అరుస్తూ తిరిగారు. ఆ వారం రోజులూ వార్డులో ఎవరికి ఎవరు ఎదురొచ్చినా తలలు ఢీకొన్నాయి. చాలాకాలంగా మాటల్లేని వియ్యంకులిద్దరు అలా ఢీకొని, తిట్టుకుని, ఆ విధంగా మాట్లాడుకోవడం మొదలెట్టారు. ఎన్నికల వల్ల జరిగిన మంచి అదొక్కటే.

పరదేశికి మాత్రం ఏదీ నవ్వు రావడం లేదు. తెల్లారి దుకాణం తీసి తల పైకెత్తితే గడ్డీ గోనెలూ గుడ్డా. తనవల్లే కదా. ఆ పట్టికలో బొమ్మ చూసి ముచ్చటపడకపోతే అది తన మానాన వెండిలా మెరుస్తూ ఉండేది. మనసు పట్టలేక దక్షిణామూర్తిగారి దగ్గరికి వెళ్లాడు.

"నా నామినేషను ఎనక్కిచ్చీయండి బావూ. నాకీ ఓట్లొద్దు."

"ఉపసంహరణ గడువు ముగిసినది."

"పోనీ, ఎన్నికలయిపోతే గుడ్డ తీసేస్తారా?"

"మీరు ఓడిన యెడల అదే సాయంత్రము తీసివేయబడును. గెలిచిన యెడల, పదవిలో ఉన్న సభ్యుని గుర్తు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి ప్రజలను ప్రభావితము చేయును కావున, పదవీకాలమంతయు కప్పియే ఉంచబడును."

"ఐదేళ్లా!"

"నియమము నేను రాయలేదు," అన్నారు దక్షిణామూర్తిగారు. కానీ ఆయన మొహం చూస్తే, రాసుంటే బావుండునని ఉన్నట్టు తెలిసిపోతోంది.

పరదేశి బయటికొచ్చి ఆ పూటనుంచే ఇంటింటికీ తిరిగాడు. "నాకు ఓటెయ్యకండి. నాను దేనికీ పనికిరాను. సదువు లేదు. అమ్మ తోడు, గెలిస్తే మీ వీధి మొగం సూడను." గరుగుమెట్ట పుట్టి అంత నిజం చెప్పిన అభ్యర్థి లేడు. జనం మురిసిపోయారు. "ఈడికే ఎయ్యాలర్రా. ఇప్పుడే ఇంత నిజం సెప్తన్నాడంటే గెలిస్తే ఇంకెంత సెప్తాడు!"

*

పోలింగుకి ముందురోజు పొద్దున్న గ్యాసు కట్టరు పట్టుకుని ఒక మనిషి జంక్షన్లో దిగాడు. నిరాకార ఉపసంఘం చేతులెత్తేసి తుది నివేదిక ఇచ్చిందట: రెక్కలున్నంతకాలం ఏం కప్పినా విమానం విమానంలాగే ఉంటుంది, కాబట్టి రెక్కలు కోసెయ్యాలి.

"కోసిన రెక్కలు సురక్షితముగా పంచాయతీ గోదాములో భద్రపరచబడును," అని దక్షిణామూర్తిగారు మైకులో చదివారు. "పరదేశిగారు ఆందోళన చెందవలసిన పని లేదు. పరదేశిగారు ఎక్కడ?"

పరదేశి కనపడలేదు. గుడ్డ కింద ఏదో కదిలింది.

కట్టరు మనిషి నిచ్చెనెక్కి గుడ్డ ఎత్తి చూశాడు. "బాబూ, లోపల మనిషున్నాడు."

పైలటు కూచునే గుంటలో, గడ్డి మధ్య, మోకాళ్లు గెడ్డానికి ఆనించుకుని పరదేశి కూర్చున్నాడు. కళ్లు పెద్దవి చేసుకుని, విమానం నడిపే తుప్పు పట్టిన ఇనప కర్రని రెండు చేతులా పట్టుకున్నాడు.

"దిగుడు!" అని గర్జించారు దక్షిణామూర్తిగారు.

"నాను ప్రచారంలో ఉన్నాను బావూ."

"ప్రచార సమయము నిన్నటితో ముగిసినది. నేడు మౌనము పాటించవలెను."

"అందుకే గుడ్డలో కూకున్నాను. మీరడిగితే గాని మాటాడలేదు."

దక్షిణామూర్తిగారు చిక్కులో పడ్డారు. ఖాళీ గుర్తుని కోయించడానికి అధికారముంది. అభ్యర్థి కూర్చున్న గుర్తుని కోయించవచ్చో లేదో ఏ పుస్తకంలోనూ లేదు. పైవాళ్లకి ఫోను చేశారు. వాళ్లు వాళ్ల పైవాళ్లకి చేశారు. ఎండ నడినెత్తికొచ్చాక జవాబు దిగింది. ఆయన లేచి నిలబడి మరీ చదివారు.

"యథాతథ స్థితి కొనసాగించవలెను."

"అమ్మయ్య!" అన్నాడు పరదేశి. "అయితే రెక్కలు కొయ్యరు. దిగుతన్నాను."

"దిగరాదు!" అన్నారు దక్షిణామూర్తిగారు. "యథాతథము అనగా అన్నియు యథాతథము. విమానము, గుడ్డ, గడ్డి, మీరు. ఓట్ల లెక్కింపు ముగియువరకు మీరు కదిలిన యెడల ఉల్లంఘన."

ఇద్దరు పోలీసుల్ని కాపలా పెట్టారు, ఆయన దిగిపోకుండా. ఒక్కసారి కూర్చుంటే చాలని మేకల వయసునుంచి ఆశపడ్డవాణ్ణి, దేశం పోలీసుల్ని పెట్టి మరీ యుద్ధవిమానంలో కూర్చోబెట్టింది. పరదేశికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మొదలైతే ఆగలేదు. కడుపు పట్టుకుని నవ్వుతుంటే గుడ్డ ఊగింది, గడ్డి రాలింది. కింద జనం కూడా ఎందుకో తెలీకుండానే నవ్వారు. పోలీసొకడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

సన్నమ్మ తాడు కట్టి కూడు పైకి పంపింది. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ, కింద జనం మాటలు విన్నాడు పరదేశి. "పాపం, ఇమానంలో బందీ సేసినారు. ఓటు ఇమానానికే. వార్డు వార్డంతా ఇమానమే!"

ముద్ద మళ్లీ గిన్నెలో పెట్టేశాడు. గెలిచేలా ఉన్నాడు. గెలిస్తే ఐదేళ్ల గుడ్డ. అరిచి వద్దని చెబుదామంటే మౌనం. దిగి కాళ్లు పట్టుకుందామంటే యథాతథం. తాడు లాగుతున్న సన్నమ్మని గుడ్డ సందులోంచి పిలిచాడు.

"ఓలే, ఎలాగైనా నన్ను ఓడించే. నీకు దండం ఎడతాను."

"నా ఓటు సంగతి నాకు సెప్పకు మావా," అంది సన్నమ్మ. "గిన్నె దించు."

పోలింగు రోజు జనం విరగబడ్డారు. నేల చూపులు చూస్తూనే వచ్చి, విమానం కిందికి రాగానే పోలీసుల్ని లెక్కచెయ్యకుండా తలలెత్తి, రెండు చేతులూ ఊపి వెళ్లారు. చేతులూపే సైగ ఉల్లంఘన అవునా కాదా అని దక్షిణామూర్తిగారు పుస్తకం తిరగేస్తుండగానే ఓట్లు అయిపోయాయి. పరదేశి లోపలినుంచి ఎవరికీ తిరిగి చెయ్యి ఊపలేదు. చెమట మాత్రం తుడుచుకున్నాడు.

సాయంత్రం లెక్క తేలింది. మైకు కీచుమంది.

"మూడవ వార్డు. బుట్ట గుర్తుపై పోటీ చేసిన లెంక గౌరీశుగారు ఒక్క ఓటు ఆధిక్యతతో గెలుపొందిరి."

గౌరీశు మనుషులు బాణాసంచా ముట్టించారు. మొదటి టపాకాయ పేలకముందే దక్షిణామూర్తిగారు రెండో కాగితం తీశారు.

"పదవిలో ఉన్న సభ్యుని గుర్తు పదవీకాలమంతయు కప్పియుంచవలెనను నియమము ననుసరించి, మూడవ వార్డు పరిధిలోని సమస్త బుట్టలును ఐదేండ్లపాటు గుడ్డతో కప్పబడియుండవలెను. అందులకై విమానముపైనున్న గుడ్డను తక్షణము తొలగించి, ముక్కలుగా కత్తిరించి, బుట్టలకు పంచవలెను."

బుట్టలమ్మలు ఒక్కసారి గౌరీశు వైపు తిరిగారు. "ఓరి గౌరీశా, నీ గెలుపు తగలెయ్య, మా బతుకులకి ముసుగెట్టినావురా!" గౌరీశు దండ మెళ్లో ఉండగానే ఇటుకబట్టీ వైపు పరుగెత్తాడు. పోలీసులు గుడ్డ లాగేశారు. గడ్డి జలజలా రాలింది. సాయంత్రపు ఎండ తగిలి విమానం వెండిలా భగ్గుమంది. రెక్కలు రెండూ ఉన్నాయి.

సన్నమ్మ కింద నిలబడి చేతులు నడుమున పెట్టుకుంది.

"ఆ ఒక్క ఓటు ఎవులేసినారో తెలిసినాదేటి?" అని అరిచింది. "నానే. బుట్టకి గుద్దినాను. ఐదేళ్లు దాన్ని గుడ్డలో సూసుకుంటా నువ్వు నా పేనం తోడెయ్యవా? పక్కింటి సిట్టెమ్మకి సెప్దామంటే మౌనమన్నారు. నా ఒక్కదాని సేతే అయినాది."

పరదేశి మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"ఓడిపోయినావు గదా, మరి దిగు. అన్నీ అయిపోనాయి, పోలీసులు కూడా ఎల్లిపోనారు. కూడు సల్లారిపోతంది."

పరదేశి కర్రని రెండు చేతులా పట్టుకుని, ముందుకి వంగి, ఎదురుగా ఉన్న ఖాళీ ఆకాశం వైపు చూశాడు.

"వత్తన్నానే," అన్నాడు. "ఒక్క సుట్టు తిరిగి."